సెంట్ల లెక్క దగ్గర ఆగిన నా పరిశోధన

ఏడో తరగతి గణితంలో పిల్లల సాధనను కొలిచే నికషను, అంటే పరీక్ష పత్రాన్ని, తయారుచేయడం నా పీహెచ్‌డీలో తొలి పని. ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పే భారత్వ పట్టిక, ఏ అంశం నుంచి ఏ రకం ప్రశ్నలు ఎన్నో చూపే బ్లూప్రింట్, 60 బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాటిపై ఉపాధ్యాయుల సవరణలు నాలుగు నెలల్లో ముగిశాయి. అనంతపురంలోని ఒక బడిలోను, ఉరవకొండ వైపు రెండు పల్లె బడుల్లోను 200 మంది చేత ముందస్తు పరీక్ష రాయించాకే అసలు కష్టం మొదలైంది.

పత్రాలను మార్కుల క్రమంలో పేర్చి, 1939లో గణాంక నిపుణుడు కెల్లీ సమర్థించిన పద్ధతిలో పై 27 శాతాన్ని, కింది 27 శాతాన్ని, అంటే చెరి 54 పత్రాలను విడదీసి, ఒక్కో ప్రశ్నకు సరైన జవాబులు లెక్కించాను. రెండున్నర ఎకరాల్లో 75 సెంట్లు అమ్మితే ఎంత మిగులుతుందన్న ప్రశ్నకు పై వర్గంలో 19 మంది, కింది వర్గంలో 26 మంది సరిగ్గా రాశారు. రెండు వర్గాల్లో కలిపి సరిగ్గా రాసినవారి నిష్పత్తి అయిన కాఠిన్యత స్థాయి 0.42, అదొక్కటే చూసి ఉంటే ప్రశ్నను ఉంచేసేదాన్ని. బాగా చేసేవారిని, వెనుకబడినవారిని ప్రశ్న ఎంతగా వేరుచేస్తుందో చెప్పే విచక్షణా శక్తి మాత్రం మైనస్ 0.13, అంటే కింది వర్గమే మెరుగ్గా రాసింది. జవాబుల కీ తప్పేమోనని మూడుసార్లు సరిచూశాను, తప్పు లేదు.

పల్లె బడికి తిరిగి వెళ్లి, కింది వర్గంలోని ఒక అబ్బాయిని అడిగాను. "ఎకరాకు నూరు సెంట్లు గదా మేడం, రెండున్నరంటే ఇన్నూట యాభై" అని నోటిలెక్కతోనే చెప్పాడు. దశాంశాలు చక్కగా చేసే పట్నం పిల్లలకు సెంటంటే తెలియక, 2.5ను రెండెకరాల ఐదు సెంట్లుగా చదివి, ఎకరా 30 సెంట్లను ఎంచుకున్నారు. నేను గణితాన్ని కాక ఇంటి వ్యవసాయాన్ని కొలిచాను. ఎకరాకు 100 సెంట్లని ప్రశ్నలోనే చేర్చాను.

ఆ తరువాత మిగతా ప్రశ్నలన్నిటినీ అదే కంటితో చదివితే, రుణసంఖ్యల కోసం పెట్టిన, సెల్లార్ నుంచి ఐదో అంతస్తుకు వెళ్లే లిఫ్టు ప్రశ్న నన్ను ఇంకా కలవరపెట్టింది. దాని విచక్షణా శక్తి ఎంతో బాగుంది, ఎందుకంటే పై వర్గంలో ఎక్కువమంది లిఫ్టు ఎక్కిన పట్నం పిల్లలే. 1937 నాటి కూడర్-రిచర్డ్‌సన్ 20వ సూత్రంతో లెక్కించే విశ్వసనీయతను, అంటే ప్రశ్నలన్నీ ఎంత పొందికగా కొలుస్తున్నాయో చెప్పే అంకెను, అలాంటి ప్రశ్న పెంచుతుంది కూడా. దెబ్బతినేది సప్రమాణత, అంటే కొలవాలనుకున్నదాన్నే కొలవడం; దాన్ని ఈ అంకెలేవీ చూపవు.

"అంకెలు బాగున్న ప్రశ్నను ఎందుకమ్మా తీయడం?" అన్న మా గైడ్ మేడం, కారణం రాసి చూపాక ఒప్పుకున్నారు. రెండు గోలీలు బాకీపడిన పిల్లవాడు, బాకీ తీర్చి ఐదు గోలీలతో ఇంటికి వెళ్లాలంటే ఎన్ని గెలవాలన్న ప్రశ్నను దాని స్థానంలో పెట్టి, కొత్త పత్రాలతో మళ్లీ మూడు బడులకూ వెళ్లాను.