సోఫియాలో ‘గెట్’ పాఠం

మొత్తానికి బల్గేరియా రాజధాని సోఫియాలో సాయంత్రాలు ఇంగ్లిషు నేర్పే పని దొరికింది. ఒప్పంద పత్రం ఇప్పుడే చేతికొచ్చింది. ఒళ్లుమంట మాత్రం ఇంకా తగ్గలేదు.

దరఖాస్తు, డిగ్రీ పత్రాలు, ఫోనులో మాటలు అన్నీ సాఫీగానే సాగాయి. నమూనా పాఠం దగ్గరే చుక్కలు చూపించారు. అంశం ‘గెట్’ అనే క్రియ. డైరెక్టరుగారు వెనక బల్ల మీద కూర్చుని, “ఇంగ్లిషు మీ మాతృభాష కాదు కదా” అని విద్యార్థుల ముందే చురక అంటించారు. ఆయనకూ కాదు, ఆ మాట ఎవరు చెప్పాలి!

వాళ్ల పుస్తకంలో ‘గెట్’కు బల్గేరియన్‌లో ఇచ్చిన మొదటి అర్థం ‘పొలుచావమ్’, అంటే అందుకోవడం. ఉత్తరానికైతే సరే. బస్సెక్కడం ‘కచ్వమ్ సే’, దిగడం ‘స్లీజమ్’, నిద్రలేవడం ‘స్తావమ్’. అన్నిటికీ గెట్టే. ఈ జాబితా బట్టీ పట్టిస్తే ఎవరి తలకెక్కుతుంది? అందుకే నేను వాళ్ల క్రియల పక్కన వచ్చే ‘సే’ అనే చిన్న మాటను పట్టుకున్నాను. బట్టలు వేసుకోవడం ‘ఓబ్లీచమ్ సే’, పెళ్లి చేసుకోవడం ‘జేన్యా సే’, కోపం తెచ్చుకోవడం ‘యదోస్వమ్ సే’. మన ‘కొను’ లాంటిదే ఈ ‘సే’. ఈ మూడింటికీ ఇంగ్లిషులో గెట్ వస్తుంది. అలాగని ప్రతి ‘సే’కూ రాదు: ‘స్మేయా సే’ అంటే నవ్వడం, దానికి గెట్‌తో పనిలేదు.

అప్పుడే క్షవరం చేయించుకొచ్చిన ఒకాయన ‘పొద్‌స్త్రిగాహ్ సే’ (జుట్టు కత్తిరించుకున్నాను) అనబోయి, తన జుట్టు తానే కోసుకున్నట్టు ఇంగ్లిషులో చెప్పాడు. “కత్తెర ఎవరి చేతిలో ఉంది?” అన్నాను. సెలూన్ అతని చేతిలోనట. అయితే ‘గాట్ మై హెయిర్ కట్’ అనాలి. తరగతంతా నవ్వింది. మనం ‘కట్టాను’, ‘కట్టించాను’ అని వేరుచేస్తాం కాబట్టి ఈ తేడా నాకు వెంటనే దొరికింది. ఈ విషయంలో తెలుగువాడిని కొట్టేవాడు లేడు.

డైరెక్టరుగారు లేచి వచ్చి, నా చేతిలోని మార్కరు లాక్కుని బోర్డు తుడిచేశారు. “ఇవాళ మొదటి అర్థం చాలు” అంటూ ‘పొలుచావమ్’ అని పెద్దక్షరాలతో రాశారు. విశాఖలో ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషిని, చేతులు కట్టుకుని బోర్డు పక్కన నిలబడ్డాను.

ముందు బల్ల పెద్దావిడ వదల్లేదు. “ముసలిదాన్ని అవుతున్నాను అనాలన్నా అందుకోవడమేనా?” అంది. అది పై స్థాయిలో వస్తుందన్నారు ఆయన. ఆవిడ నావైపు తిరిగింది. చీకటిపడటం, చల్లబడటం, ముసలితనం రావడం, ఇలా స్థితి మారుతుంటే గెట్ అని చెప్పాను. మారాక ఉన్న స్థితికి ‘బీ’, అంటే ఉండటం. పెళ్లిపీటల మీద గెట్, కాపురమంతా ‘బీ’. ఆవిడ గబగబా రాసుకుంది.

ఆవిడతోపాటు మరికొందరు నా తరగతే కావాలన్నారట, అందుకే ఈ ఉద్యోగం.

ఇలాంటి పనికి వెళ్లేవాళ్లు నమూనా పాఠానికి డబ్బిస్తారో లేదో ముందే అడగండి. నాకు ఇవ్వలేదు. మార్కరు ఒకటి జేబులో అదనంగా పెట్టుకోండి.