శనివారం, పేమెంట్ రోజు

పొద్దున లెక్కలు చూడ్డానికి మేం కడుతున్న అపార్ట్‌మెంట్ సైట్‌కి వెళ్లేసరికి మూడో స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నింపారు. గురువారం పోసిన కాంక్రీటు అది.

రేకుల షెడ్డులో కూర్చోగానే వాచ్‌మన్ వాట్సాప్‌లో పంపిన ఫొటోలు తెరిచాను. లోడు లోపలికి రాగానే చలాన్, కాటా చీటీ రెండూ ఫొటో తీసి పంపడం అతనికి అలవాటు కావడానికి నెల పట్టింది. నిన్నటి స్టీలు కాటా చీటీ తడిసిపోయి మొదటి అంకె ఐదో ఆరో తెలియలేదు. వెళ్లి రాడ్లు లెక్కపెట్టించాను. అన్నీ 16 ఎం.ఎం. మందంవే, 318 ఉన్నాయి. రాడ్ బరువుకి సైట్లలో వాడే లెక్క ప్రకారం 16ని 16తో గుణించి 162తో భాగిస్తే మీటరుకి 1.58 కిలోలు, అంటే 12 మీటర్ల రాడ్ దాదాపు 19 కిలోలు. ఆరు టన్నులే. ఫోన్లోనే షీట్‌లో ఎక్కించేశాను.

పదింటికి మా బిల్డర్ సార్ ఫోన్ చేశారు. "ఖాతాలో 11 లక్షలున్నాయి కదమ్మా, టైల్స్‌కి ఐదు లక్షలు అడ్వాన్స్ ఇచ్చేద్దాం. రేటు పెరిగేలా ఉంది."

"ఆగండి సార్" అన్నాను. ఖాతాలో కనిపించేవి కట్టేసిన బిల్లుల తర్వాత మిగిలిన డబ్బులు. సరుకు దిగి, బిల్లు ఇంకా రానివి అందులో కనిపించవు. జీఎస్టీతో కలిపి స్టీలుకి 3.9 లక్షలు, కాంక్రీటు 48 క్యూబిక్ మీటర్లకి 2.8 లక్షలు. సాయంత్రం కూలీల పేమెంట్ 2.1 లక్షలు. అన్నీ తీసేస్తే మిగిలేది 2.2 లక్షలే.

పైగా వెంటనే వచ్చే డబ్బు కూడా లేదు. ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణ కోసం ఉన్న రెరా చట్టం ప్రకారం వాళ్లు కట్టినదాంట్లో 70 శాతం విడి ఖాతాలోనే ఉండాలి. ఎంత పని జరిగిందో ఇంజనీరు, ఆర్కిటెక్ట్, సీఏ ముగ్గురూ సర్టిఫై చేశాకే, ఆ మేరకే అందులోంచి తీసుకోగలం. ఈ స్లాబ్‌కి ఆ కాగితాలు పూర్తయ్యేసరికి రెండు వారాలు పడుతుంది. రాబోయే నాలుగు వారాల రాకపోకలు వరసగా వేసి పంపాను. మూడో వారంలో టైల్స్ అడ్వాన్స్ హాయిగా సరిపోతుంది. ఈ వారం ఇస్తే వచ్చే శనివారం కూలీలకి ఉండదు.

సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరేనమ్మా, మూడో వారమే ఇద్దాం" అన్నారు.

నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఇంతకుముందు చేసిన సైట్‌లో లెక్కలు నెలాఖరుకి చూసేవాళ్లం. ఒక శనివారం డబ్బు సర్దలేకపోయాం. రాత్రి ఎనిమిదిన్నర దాకా నలభై మంది ఇసుక కుప్ప పక్కనే కూర్చున్నారు. ఒకావిడ ఒళ్లో పిల్లాడు నిద్రపోయాడు. "రేపు బియ్యం కొనాలి మేడం" అని మాత్రం అంది. ఆ మాట నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. అప్పటినుంచి ఏ రోజు చలాన్ ఆ రోజే ఎక్కిస్తాను, సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు కూడా మిగతా అంచనా ఆ సాయంత్రమే మార్చేశాను.

ఇవాళ ఐదున్నరకే పేమెంట్ మొదలుపెట్టాం. మేస్త్రీ పేర్లు పిలుస్తుంటే నేను టిక్ పెట్టుకుంటూ వెళ్లాను. ఆరుంపావుకల్లా షెడ్డు ముందు ఎవరూ లేరు.