పేజీ ఫైలు ఎవరి చేతిలో ఉండాలి?

2008లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో మా టీము ముందున్న ప్రశ్న ఇది: జేఎస్ఎఫ్‌లో కట్టిన అప్లికేషన్‌కి పేజీలు జేఎస్‌పీలోనే రాసుకుంటూ పోవాలా, ఫేస్‌లెట్స్‌కి మారాలా, మొత్తం వదిలేసి వికెట్‌తో మళ్లీ మొదలుపెట్టాలా? జేఎస్ఎఫ్, వికెట్ జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్కులు. జేఎస్‌పీ, ఫేస్‌లెట్స్ జేఎస్ఎఫ్ పేజీలు రాసే రెండు పద్ధతులు. బయటివాళ్లకి ఇదొక ఫైలు ఎక్స్‌టెన్షన్ గొడవలా అనిపించవచ్చు. నాకు మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే ఆ పేజీలను ఆ తర్వాత ఏళ్ల తరబడి చూసుకోవాల్సింది హైదరాబాద్‌లోని మా పాత టీము. వాళ్లకి జేఎస్‌పీ కొట్టిన పిండి. ఫేస్‌లెట్స్ పేరు కూడా చాలామంది వినలేదు.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఇలాంటి నిర్ణయం జరుగుతుండగా నేను చూడలేదు. ఆన్‌సైట్ నుంచి డిజైన్ డాక్యుమెంట్ వచ్చేది, అందులో అన్నీ తేలిపోయి ఉండేవి. మేం రాసేవాళ్లం. ఎందుకు అని అడిగే చోటు ఆ డాక్యుమెంట్‌లో ఉండేది కాదు.

జేఎస్‌పీతో చిక్కేమిటంటే, అది పేజీని పైనుంచి కిందికి చదువుతూ, చదివింది చదివినట్టే బయటికి పంపేస్తుంది. జేఎస్ఎఫ్ తీరు వేరు. దానికి ముందు కాంపొనెంట్ల (ఫారం, ఇన్‌పుట్, బటన్ లాంటి పేజీ భాగాల) చెట్టు మొత్తం నిలబడాలి, ఆ తర్వాతే అది హెచ్‌టీఎంఎల్‌గా మారాలి. ఫారం తిరిగొచ్చినప్పుడు విలువలు తీసుకోవడం, సరిచూడడం, మోడల్‌లో నింపడం అన్నీ ఆ చెట్టు మీదే జరుగుతాయి. ఈ రెండింటినీ ఒకే ఫైల్లో కాపురం పెట్టిస్తే వరుస తప్పుతుంది. మా సర్వర్ పాతది, జేఎస్ఎఫ్ 1.1 దాటలేకపోయాం. అందులో ప్యానెల్ లోపల మామూలు పేరా రాస్తే అది ప్యానెల్ కన్నా ముందే స్క్రీన్ మీద ప్రత్యక్షమయ్యేది. ఆపాలంటే ప్రతి హెచ్‌టీఎంఎల్ ముక్కకీ వెర్బటిమ్ ట్యాగు చుట్టాలి. మా పేజీల్లో అసలు విషయం కన్నా వెర్బటిమ్‌లే ఎక్కువ కనిపించేవి.

అయినా నిర్ణయాన్ని ముందుకు తోసింది ఇది కాదు. మా క్లయింటు ఒక కేంద్ర ప్రభుత్వ విభాగం. డచ్ ప్రభుత్వం తన సైట్లు వెబ్‌రిచ్ట్‌లైనెన్ అనే 125 మార్గదర్శకాలను పాటించి తీరాలని 2006లో నిర్ణయించింది. పేజీ నిర్మాణం శుభ్రంగా ఉండాలి, చూపు లేనివారి స్క్రీన్ రీడర్‌కి అర్థమవ్వాలి, జావాస్క్రిప్ట్ లేకపోయినా ముఖ్యమైన పని జరగాలి. ఫారాన్ని పంపే జేఎస్ఎఫ్ కమాండ్ లింక్ జావాస్క్రిప్ట్ లేకుండా కదలదు. పేజీలో అంశాలను అమర్చే ప్యానెల్ గ్రిడ్ అడగకుండానే టేబుల్ కక్కుతుంది. మా టీములో పేజీలు చేత్తో కట్టే డచ్చావిడ ఒకరుండేవారు. ప్రతి లేబుల్ తన ఇన్‌పుట్‌కి ముడిపడిందో లేదో చూసుకునే మనిషి. మీటింగులో ఆమె అడిగింది ఒక్కటే: నేను కట్టిన హెచ్‌టీఎంఎల్ మీ చేతికొచ్చాక కూడా నేను తెరిచి దిద్దగలనా?

నాకు ఆ దేశం మీద గౌరవం కలిగింది ఆ గదిలోనే. ఆర్కిటెక్ట్, మేనేజర్, పేజీలు కట్టేవాళ్లు, టెస్టింగ్‌వాళ్లు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అందరూ మాట్లాడేదాకా ఎవరూ తేల్చలేదు. నా తండ్రి వయసున్న ఆర్కిటెక్ట్‌ని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాకపోయినా, ఆయన నావైపు తిరిగి సూటిగా అడిగాడు: "హైదరాబాద్‌వాళ్లకి ఏది మంచిది? నీకు తెలిసినంత మాకు తెలియదు."

ఆ గదిలో చాలామంది మనసు వికెట్ మీదే ఉంది. దాన్ని పెంచినవాళ్లలో డచ్ డెవలపర్లు ముఖ్యులు, 2007లోనే అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థలో పూర్తి స్థాయి ప్రాజెక్టయింది. అందులో పేజీ అచ్చమైన హెచ్‌టీఎంఎల్. కాంపొనెంట్ రావాల్సిన చోట వికెట్ ఐడీ అనే గుర్తు ఉంటుంది, తర్కమంతా పక్కనున్న జావా క్లాసులో ఉంటుంది. పేజీలావిడ అడిగింది అక్షరాలా అదే. కొత్తగా కట్టేదైతే నేనూ వికెట్ అనే అనేవాణ్ణి. కానీ అప్పటికే మా చేతిలో జేఎస్ఎఫ్ బీన్లు (పేజీ వెనకుండే జావా క్లాసులు), వాలిడేటర్లు, టెస్టులు బోలెడు. వికెట్ అంటే అవన్నీ మళ్లీ రాయడమే. ఫేస్‌లెట్స్ అయితే వాటి జోలికి పోనక్కర్లేదు, పేజీ ఫైళ్లు మారితే చాలు. పైగా మామూలు ఇన్‌పుట్ ట్యాగుకే జేఎస్ఎఫ్‌సీ అనే యాట్రిబ్యూట్ తగిలిస్తే అది కాంపొనెంట్ అవుతుంది, బ్రౌజర్‌లో నేరుగా తెరిచినా ఇన్‌పుట్‌గానే కనిపిస్తుంది. నేను ఫేస్‌లెట్స్ అన్నాను. కమాండ్ లింకుల చోట బటన్లు పెట్టుకున్నాం, గ్రిడ్లు తీసేశాం.

హైదరాబాద్‌కి నేర్పించడం నా వంతుకి వచ్చింది. టెంప్లేట్‌లో ఇన్సర్ట్ అని ఖాళీ వదిలి, పేజీలో డిఫైన్ అని దాన్ని నింపే పద్ధతి వాళ్లకి ఒక్క పూటలో వచ్చేసింది. తప్పు ఏ లైన్లో ఉందో ఫేస్‌లెట్స్ చెబుతుంటే వాళ్లు సంబరపడ్డారు. జేఎస్‌పీలో అయితే అది పేజీ నుంచి తయారుచేసిన సర్వ్‌లెట్ అనే జావా కోడు లైను నంబరు పట్టుకుని వెతుక్కోవాల్సి వచ్చేది. కష్టం వేరేచోట వచ్చింది. ఒక అమ్మాయి ఫోన్ చేసి, "అన్నా, టేబుల్ లోపల సీ-ఇఫ్ పెట్టాను. కండిషన్ నిజమే, అయినా ఏ వరుసలోనూ ఏమీ రావట్లేదు" అంది.

ఫేస్‌లెట్స్ నేర్చుకునే జేఎస్‌పీవాళ్లు అందరూ తడబడే చోటు ఇదే. షరతు చూసే సీ-ఇఫ్, లూపు తిప్పే సీ-ఫర్‌ఈచ్ ట్యాగులు పనిచేసేది చెట్టు కట్టేటప్పుడు. టేబుల్ తన వరుసల మీదుగా నడిచేది చెట్టు కట్టేశాక, పేజీ గీసేటప్పుడు. అంటే సీ-ఇఫ్ ఆ వరుస గురించి అడిగే సమయానికి ఆ వరుసే లేదు. అక్కడ కాంపొనెంట్ మీద, అది కనిపించాలో వద్దో చెప్పే రెండర్డ్ అనే యాట్రిబ్యూట్ వాడాలి, లూపుకైతే యూఐ రిపీట్. "ఇది ఎప్పుడు నడుస్తుంది అని ప్రతి ట్యాగునీ అడుగమ్మా" అన్నాను. తర్వాత ఆ అమ్మాయే ఏ ట్యాగు ఎప్పుడు నడుస్తుందో ఒక పట్టిక వేసి టీముకంతా పంపింది. అది ఉట్రెక్ట్ గోడ మీదా అతికించాం.

2009లో జేఎస్ఎఫ్ 2.0 వచ్చి ఫేస్‌లెట్స్‌నే ప్రామాణికం చేసింది. 2022 నాటి జకార్తా ఫేసెస్ 4.0లో జేఎస్‌పీకి చోటే లేకుండా పోయింది. ఆ వార్త చదివి, వేల పేజీలు ఇంకా జేఎస్‌పీలో మోస్తున్న టీములను తలచుకుని బాధపడ్డాను. వాళ్లలో ఎక్కువమంది ఆ దారి ఎంచుకున్నవాళ్లు కాదు.

మా తర్వాతి అప్లికేషన్‌కి టెంప్లేట్ చర్చ వచ్చినప్పుడు మేనేజర్ మీటింగ్ పొద్దున్న తొమ్మిదికి పెట్టాడు. వేసవి కాబట్టి హైదరాబాద్‌లో అప్పుడు పన్నెండున్నర, భోజనాలకు ముందే వాళ్లూ కూర్చోవచ్చు. ఆ అమ్మాయి ముందుగానే ఒకే ఫారాన్ని ఫేస్‌లెట్స్‌లోనూ వికెట్‌లోనూ కట్టి తెచ్చింది, పాత బీన్లు లేవు కాబట్టి ఈసారి వికెటే నయమని వాదించింది. పేజీలావిడ రెండు ఫైళ్లూ బ్రౌజర్‌లో తెరిచి చూసి ఆమెతో ఏకీభవించింది. ఆ పని వికెట్‌లోనే మొదలైంది.