గొంతులో గడ్డ, చేతిలో మూడో నంబరు రిపోర్టు

నిన్న సాయంత్రం రెండోసారి చేసిన సూది పరీక్ష రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. ఈ అయిదు నెలల కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారిందంటే మంచిదాన్నైపోయి అందరినీ వెనకేసుకొస్తాను.

ముందు చూసింది మా అమ్మాయి. అన్నం దగ్గర నేను నీళ్ళు తాగుతుంటే, "అమ్మా, నీ గొంతులో ఏదో పైకెళ్ళి కిందికొస్తోంది" అంది. అద్దం ముందు నిలబడి గ్లాసెడు నీళ్ళు తాగి చూసుకున్నాను. నిజమే, కుడి పక్కన రేగుపండంత. థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చూసే రక్త పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 2.1, నార్మల్. "నార్మలేగా, ఇంకేంటి" అని మా వారు మళ్ళీ పేపరందుకున్నారు. థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం వేరు, అందులో గడ్డ ఉండడం వేరు అని తర్వాత తెలిసింది. స్కాన్‌లో గడ్డ 18 మిల్లీమీటర్లుంది, టైరాడ్స్ 4 అని రాశారు, స్కాన్లో గడ్డ ఎంత అనుమానంగా కనపడిందో చెప్పే అంకె అది. ఆ రకం గడ్డ ఒకటిన్నర సెంటీమీటరుకి చేరితే సూది పెట్టి కణాలు తీసి చూస్తారట. మత్తు లేదు, సన్న సూది, మింగొద్దన్నారు, మూడుసార్లు గుచ్చారు. కుయ్యిమనలేదు. నా ముందు లోపలికెళ్ళిన పెద్దమనిషి సూది చూసే కళ్ళు తిరిగి పడ్డాడని ఇక్కడ చెప్పుకోకపోతే నాకు తోచదు.

అసలు కథ రిపోర్టులిచ్చే కౌంటర్ దగ్గర.

నాలుగో రోజు వెళ్ళి రసీదు ఇచ్చాను. కౌంటర్లో కుర్రాడు కవర్ల కట్ట రెండుసార్లు తిరగేశాడు. నాది కనపడలేదు. చివరికొకటి బయటికి లాగి, నేను ఎదురుగానే ఉన్నానన్నది మర్చిపోయి, హాలంతా వినపడేట్టు అరిచాడు. "మెడ గడ్డ, క్యాన్సర్ టెస్టు, ఎవరిదండీ?"

హాల్లో నలభైమంది ఉంటారు. అందులో మా వీధి చివరింటి ఆవిడ, షుగర్ టెస్టుకొచ్చింది. రోజూ బళ్ళో పిల్లల చేత చేతులెత్తించేదాన్ని, నా చెయ్యి లేవలేదు. వాడు రెండోసారి ఇంకా గట్టిగా అరిచాడు. "నాదే బాబూ" అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు. కవరు అంటించి కూడా లేదు, పిన్ను కొట్టారంతే. సంతకం పెట్టి వెనక్కి తిరిగితే ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "ధైర్యంగా ఉండమ్మా. మా తోడికోడలి అన్నయ్యకీ ఇలాగే మెడలోనే..." అని ఆపేసింది. ఆయనకేమైందో చెప్పలేదు. ఆ మిగతా సగం ఆటోలో ఇంటిదాకా నేనే పూర్తి చేసుకున్నాను.

సాయంత్రానికల్లా ఫోన్లు. తెనాలి పిన్ని క్యాబేజీ మానెయ్యమంది. వీధి చివరావిడ స్వయంగా వచ్చి పరగడుపున ధనియాల నీళ్ళు తాగమంది. మా ఆడపడుచు మా వారితో, "పిల్లది ఇంకా ఇంటరేగా అన్నయ్యా" అంటోంది. నాకు అప్పుడే పటం కట్టి దండ వేసేశారు.

ఇంతకీ రిపోర్టులో ఉన్నది బెథెస్డా 3. మొత్తం ఆరు క్యాటగిరీలు. రెండైతే మామూలు గడ్డ, ఆరైతే క్యాన్సరే. మూడంటే అవునో కాదో కణాలు చూసి చెప్పలేకపోయారని అర్థం. సర్జన్ రెండు నిమిషాలు చూసి, "మొత్తం తీసేద్దాం, సోమవారం జాయినవ్వండి" అన్నాడు. గొంతు పోతుందేమోనండీ అన్నాను. "మీరేమైనా సింగరా?" అన్నాడు. పక్కనున్న అమ్మాయి నవ్వింది. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో పాఠం చెబుతున్నాను, మైకు లేకుండా వెనక బెంచీదాకా వినిపిస్తాను. ఆ జవాబు మెట్లు దిగాక గుర్తొచ్చింది.

ఆ సోమవారం వెళ్ళలేదు. అలాగని నిద్రా పోలేదు. రాత్రి రెండింటికి ఫోన్లో వెతకడం, పగలంతా పమిట గొంతుదాకా లాక్కోవడం. చెయ్యి దానంతటదే గడ్డ మీదికి పోయేది. "మళ్ళీ చెయ్యి అక్కడికే" అని మా వారు అనేవారు. ఏదో పాపం, అంతవరకే ఆయన సాయం. చివరికి ఫోను అవతల గదిలో పెట్టి, మంచం పక్కన కాగితం పెట్టుకున్నాను. భయం వేసినప్పుడల్లా దాన్ని ప్రశ్నగా మార్చి రాయడం. భయాలు బోలెడు, ప్రశ్నలు మాత్రం ఏడే తేలాయి.

ఆ ఏడూ పట్టుకుని గుంటూరులో ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరికెళ్ళాను. ఆవిడ కాగితం తీసుకుని వరసగా చదివింది. మూడో క్యాటగిరీవాళ్ళకి ఆపరేషన్ చేసి చూస్తే దాదాపు అయిదుగురిలో ఒకరికి క్యాన్సర్ తేలుతుందట, అదీ ఎక్కువగా మెల్లగా పెరిగే రకం. మూడు నెలలాగి మళ్ళీ సూది పెట్టి చూడొచ్చంది. ఒకవేళ తీయాల్సొచ్చినా ముందు సగం తీస్తే సరిపోవచ్చు, మొత్తం తీస్తే జీవితాంతం మాత్ర తప్పదంది. గొంతుకి వెళ్ళే నరం థైరాయిడ్ వెనకనుంచే పోతుంది కాబట్టి నేను అడిగింది అడగాల్సిన ప్రశ్నేనంది. అక్కడే కళ్ళనీళ్ళొచ్చాయి నాకు. సూదికి రానివి.

మొదటిసారి తీసిన కణాలున్న పాత గాజు స్లైడ్లు తెస్తే, కణాలు చూసి చెప్పే ఇంకో డాక్టరుకి, పాథాలజిస్టుకి, చూపిస్తానంది. రిపోర్టు కాగితమే కాదు, స్లైడ్లు కూడా అడిగి తీసుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు. మీరు మాత్రం మొదటి రోజే అడగండి. నా చేత రెండుసార్లు అర్జీ రాయించి, మూడోసారి వెళితే ఇచ్చారు. ఆ కుర్రాడే. ఈసారి వాడు నోరు తెరిచేలోపే రసీదు నంబరు వాడికంటే గట్టిగా చదివాను. హాలంతా తిరిగి చూసింది. స్లైడ్లు చూసినాయన కూడా మూడే అన్నాడు.

మూడు నెలలు గడిచాయి, ఎలాగో. రెండో సూది, రెండో క్యాటగిరీ. ఏడాదికి మళ్ళీ స్కాన్.

పొద్దున పాల ప్యాకెట్టుకి వెళితే వీధి చివరావిడ కనపడి, ఆపరేషన్ ఎప్పుడని అడిగింది. అక్కర్లేదన్నారండీ, మామూలు గడ్డేనట అన్నాను. కాసేపు నా మెడకేసే చూసి, "ఎందుకైనా మంచిది, ధనియాల నీళ్ళు మాత్రం మానకమ్మా" అంది.