లెక్క ఎక్కడ పెట్టాలి?

నా ప్రధాన విషయం గణాంకశాస్త్రం. మొదటి సంవత్సరం చివర మైనర్, అంటే ప్రధాన విషయంతో పాటు చదివే రెండో విషయం, ఎంచుకోమన్నప్పుడు మా తరగతిలో ఎక్కువమంది ఫైనాన్స్ వైపో డేటా సైన్స్ వైపో వెళ్ళగా, నేను రాజనీతిశాస్త్రం అని రాసి ఇచ్చాను. ఇక్కడ బెంగళూరులో సైన్సు చదివే తెలుగు స్నేహితులు ఎందుకని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. యూజీసీ నమూనాలో మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లయితే అందులో మైనర్‌కు 24, అంటే చదువులో ఐదోవంతు. అంత భాగాన్ని దేనికి ఇచ్చానో, ఎందుకిచ్చానో వివరంగా చెప్పవలసిన అవసరం ఉందనిపించి ఇది రాస్తున్నాను.

మాది హిందూపురం. మా జేజినాయన చింతపండు వ్యాపారంలో ఉన్న రోజుల్లో యశ్వంతపురం మార్కెట్టుకు సరుకు తెచ్చేవారు. బెంగళూరు దగ్గరి నంది కొండ మాట వస్తే చాలు, ఆయన 1984 దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ ఏడాది ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేయడం, ఎమ్మెల్యేలు చేజారకుండా వారిని రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం ఉన్న కర్ణాటకకు తీసుకువచ్చి నంది కొండ మీద ఉంచడం, సెప్టెంబరు 16న రామారావు మళ్ళీ ప్రమాణస్వీకారం చేయడం, ఇవన్నీ నేను అన్నం తింటూ విన్న కథలు. "మనోళ్ళను కొండమీద పెట్టి కాపాడినారమ్మా" అనేవారు జేజినాయన. ఎవరి నుంచి కాపాడారు, కాపాడవలసిన పరిస్థితి అసలు ఎందుకొచ్చింది అని అడగాలని నాకు అప్పట్లో తోచలేదు.

మైనర్ నిర్ణయించుకోకముందు ఏ తరగతిలోనైనా వారం రోజులు కూర్చోవచ్చని మా విశ్వవిద్యాలయంలో ఒక వెసులుబాటు ఉంది. రాజనీతిశాస్త్రం తరగతికి వెళ్ళిన రెండో రోజున అధ్యాపకురాలు బోర్డు మీద రెండే అంకెలు వేశారు: 19, 7. 1989 ఏప్రిల్‌లో కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైకి మద్దతు ఉపసంహరిస్తున్నట్టు 19 మంది ఎమ్మెల్యేల పేరిట గవర్నరుకు లేఖలు అందాయి. వారిలో ఏడుగురు వెంటనే మాట మార్చుకుని, తమ మద్దతు బొమ్మైకే ఉందన్నారు. ఇప్పుడు ఆయనకు మెజారిటీ ఉన్నట్టా, లేనట్టా అని ఆమె అడిగారు. అలవాటు కొద్దీ నేను పెన్ను తీసి తీసివేత మొదలుపెట్టాను. ఆమె నా బల్ల దగ్గర ఆగి, "ఎంతమంది అన్నది తరువాత చూద్దాం, ఈ లెక్క ఎవరు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?" అన్నారు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

బొమ్మై శాసనసభలో బలం నిరూపించుకుంటానన్నారు. అప్పటి గవర్నరు పెండేకంటి వెంకటసుబ్బయ్య, మన కర్నూలు జిల్లా మనిషే, ఆ అవకాశం ఇవ్వకుండా కేంద్రానికి నివేదిక పంపారు. ఏప్రిల్ 21న 356వ అధికరణం కింద రాష్ట్రపతి పాలన వచ్చింది. 1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ చర్య రాజ్యాంగవిరుద్ధమనీ, మెజారిటీ తేలవలసింది గవర్నరు గదిలో కాదు, సభలోననీ తీర్పు చెప్పింది. అప్పటికే ఎన్నికలు జరిగి కొత్త సభ వచ్చేసినందువల్ల బొమ్మైకి పదవి తిరిగి రాలేదు. ఆయన గెలిచిన వ్యాజ్యం ఫలితం ఆయన తరువాతి ముఖ్యమంత్రులకు దక్కింది. ఆ సాయంత్రం మెట్రోలో ఇంటికి వస్తూ, రామారావు ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్ దాకా ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో నాకు మొదటిసారి అర్థమైంది. లెక్క పెట్టవలసిన చోటు ఆయనకు మూసేశారు.

నాన్న ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఉద్యోగాల మాట ఆయన ఎత్తడం న్యాయమే. ఫైనాన్స్ మైనర్ ఉన్నవారికి ఇంటర్న్‌షిప్ సులువుగా దొరుకుతుందన్నది నేనూ కాదనను. అయితే గణాంకాలు చదివేవారికి ఈ విషయం దూరపుదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలన్నది ఈనాటికీ 1971 జనగణన మీదే నిలిచి ఉంది. 1976లో రాజ్యాంగ 42వ సవరణ దాన్ని స్తంభింపజేస్తే, 84వ సవరణ ఆ స్తంభనను 2026 తరువాతి తొలి జనగణన దాకా పొడిగించింది. జనాభా పెరుగుదలను అదుపు చేసిన దక్షిణాది రాష్ట్రాలకు ఏ సూత్రం న్యాయం చేస్తుందో తేల్చడానికి రెండు శాస్త్రాలూ కావాలి.

చదివే భారం మాత్రం నిజంగా ఎక్కువే. ఒక తీర్పులో ఇరవై పేజీలు చదవడం, ఒక లెక్క చేయడం ఒకటి కావు. మొదటి నెలంతా నిఘంటువు పక్కన పెట్టుకునే చదివాను.

గత సంక్రాంతికి హిందూపురం వెళ్ళినప్పుడు బొమ్మై తీర్పు సంగతంతా జేజినాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అట్లయితే ఆ తీర్పు ముందే వచ్చింటే మనోళ్ళకు కొండెక్కే పని లేకపోవునుగదమ్మా" అన్నారు. ఉండేదే జేజినాయనా అన్నాను. లెక్క సభలోనే పెట్టాలని తీర్పు చెప్పింది, సభకు చేరేలోపు ఎమ్మెల్యే మనసు మారకుండా అది ఆపలేదు. అందుకోసం 1985లోనే రాజ్యాంగ 52వ సవరణతో పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, తెచ్చారు. అది ఎంతవరకు ఆపగలిగిందని ఆయన అడిగారు. వచ్చే సెమిస్టరులో ఆ పాఠం ఉంది, ఉగాదికి వచ్చి చెబుతానన్నాను.