ఎనిమిది మందికి కూరగాయలు

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ (డైరీ రాసిన యూదుల అమ్మాయి) వాళ్ళు నాజీలకి దొరక్కుండా దాక్కున్న ఇల్లు చూశా. అందరూ అక్కడ పుస్తకాల అర వెనక దాచిన దారి గురించే చెప్తారు గానీ నాకు మాత్రం వాళ్ళ తిండి సంగతే బుర్రలో తిరుగుతోంది.

1942 జులైలో అక్క మార్గోకి జర్మనీలో లేబర్ క్యాంపుకి రమ్మని నోటీసొచ్చింది, మర్నాడే ఇల్లొదిలేసి నాన్న ఒట్టో ఆఫీసు వెనక భాగంలోకి వెళ్ళిపోయారు, తర్వాత ఇంకో నలుగురు చేరారు. రేషన్ కూపన్ లేకపోతే సరుకులు దొరకని రోజుల్లో రెండేళ్ళపాటు ఎనిమిది మందిని పోషించడం అంటే మాటలా! ఆఫీసులో పనిచేసే మీప్ గీస్ సంచి పట్టుకుని షాపులు తిరిగేది, కూరగాయల కొట్టాయన ఇన్నెందుకమ్మా అని కూడా అడక్కుండా ఆవిడ కోసం పక్కన తీసి పెట్టేవాడట. 1944 మేలో ఆయన్నే పట్టుకుపోయారు, వీళ్ళ వల్ల కాదు, తనింట్లో ఇంకో ఇద్దరు యూదుల్ని దాచాడని!! (ఆయన క్యాంపుల్లోంచి బతికొచ్చాడు.)

కింద గోడౌన్‌ వాళ్ళకి వినబడకూడదని పగలు టాయిలెట్లో నీళ్ళు కూడా పోసేవాళ్ళు కాదు. గోడ మీద పిల్లల ఎత్తు పెన్సిల్ గీతలున్నాయి, ఆ అరకొర తిండితోనే ఆన్ 13 సెంటీమీటర్లు పెరిగింది.

1944 ఆగస్టు 4న అందరూ దొరికిపోయారు, చివరికి తండ్రొక్కడే ప్రాణాలతో మిగిలాడు. మీప్ మాత్రం అప్పుడు కూడా ఊరుకోలేదు, డబ్బిస్తా వదిలేయండని నేరుగా ఆ నాజీ పోలీసుల ఆఫీసుకే వెళ్ళింది, కుదర్లేదనుకోండి, కానీ ఏం గుండె అండీ ఆవిడది!