అమ్మమ్మకి నేను కొత్త

"అమ్మమ్మకి నేనెవరో తెలీదు కదా, ఇంక మాట్లాడటం ఎందుకు?" అంది మా అమ్మాయి, శనివారం రాత్రి వీడియో కాల్‌కి రమ్మంటే. పొగరుగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. నేను "పెద్దవాళ్లని అలా అనకూడదు" అన్నాను. జవాబు లేనప్పుడు నాకు మర్యాదలు గుర్తొస్తాయి.

మర్నాడు కూర్చోబెట్టి చెప్పాను. అల్జైమర్స్‌లో మెదడు కణాల బయట అమిలాయిడ్, లోపల టౌ అనే ప్రొటీన్లు పేరుకుంటాయి. మతిమరుపు బయటపడటానికి ఏళ్ల ముందే ఇదంతా మొదలవుతుంది. కొత్త జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్ మొదట్లోనే దెబ్బతింటుంది. అందుకే అమ్మమ్మకి పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, తెనాలిలో పుట్టింటి నుయ్యి గుర్తుంటుంది. తర్వాత దారులు, మనుషులు, మాటలు, స్నానం... అక్కడితో ఆపేశాను. చిన్నపిల్లకి అంత ఎందుకని. ఆ పైది నాకే వినాలని లేదు.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అల్జైమర్ ఒకావిడని భర్త పేరడిగితే తన పేరే చెప్పిందట. ఆవిడకి అప్పటికి 51 ఏళ్లు. ఇది విని "అమ్మమ్మ నన్ను నీ పేరుతో పిలిచినట్టు" అంది మా పిల్ల.

'గుర్తుపట్టావా?' అని పరీక్షలు పెట్టకూడదు, తప్పు చెప్పినా దిద్దకూడదు. తెలిసినవాళ్లందరికీ ఈ సలహా ఇస్తుంటాను. నేను మాత్రం ప్రతి కాల్‌లోనూ ఫోన్ పిల్ల ముందు పెట్టి, "అమ్మా, ఇదెవరో చెప్పు" అంటాను. వదిలేస్తే ఓడిపోయినట్టు ఉంటుంది మరి.

2023లో ఇక్కడ అమెరికాలో అనుమతి వచ్చిన లెకానెమాబ్ ఇంజెక్షన్ గురించి అన్నయ్య అడిగాడు. అది తొలి దశలో వాళ్లకే, అదీ జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుందంతే. అమ్మ ఆ దశ దాటేసింది.

కొత్తవి ముందు పోతాయని పిల్లకి సులువుగానే చెప్పేశాను. కానీ రెండు మూడేళ్లకోసారి సెలవుల్లో కనిపించిన మనవరాలు అమ్మ మనసులో అసలు ఎంత పాతబడింది? ప్రొటీన్ల మీద నెట్టేస్తే నాకు హాయి. టికెట్ల ధరల మీద నెట్టేసి ఎన్ని వేసవులు ఇక్కడే గడిపామో నాకు తెలుసు.

ఎవరు ఫోన్ చేశారో గుర్తులేకపోయినా, కాల్ అయ్యాక అమ్మ కాసేపు హుషారుగా ఉంటుందని వదిన చెప్పింది. సంగతి మరిచిపోయినా ఆ సంతోషం కొంతసేపు నిలుస్తుందని పరిశోధనల్లోనూ తేలింది. అదే గొప్పగా మా అమ్మాయికి చెప్పాను.

"అయితే నువ్వొక్కదానివే మాట్లాడినా అంతే కదా?" అంది.

మా ఆయన నవ్వారు. ఆ వారం కాల్ నేనొక్కదాన్నే చేశాను.